బండలు పరిచిన తెర

ఏప్రిల్ 7

విఘ్నేశ్వరుణ్ణి తలుచుకుని మొదలుపెడదామనుకున్నాను. కానీ విఘ్నాలన్నీ ముందే వచ్చి కుర్చీలు వేసుకుని కూర్చున్నాయి. ఇంత ఆలస్యంగా ఆయన్ను పిలవడం మర్యాద కాదు.

నేటి ముఖ్యాంశాలు. కోడుమూరులో ఎండకు తారు కరిగింది. రామకోటయ్య గారి, అనగా మా నాయన గారి, కుడిచేతి వణుకు ఎడమచేతికి కూడా వచ్చింది. బి.టెక్ పట్టభద్రుడైన ఆయన ఏకైక పుత్రరత్నం విత్తనాల అంగట్లో ఫ్యాను కింద కూర్చుని, బెంగళూరు నుంచి రాని పిలుపుల కోసం ఫోను చూసుకుంటోంది.

మధ్యాహ్నం జరిగినది రాయకపోతే నిద్ర పట్టదు. నాయన బిల్లు కొడుతున్నాడు. మౌస్ పట్టుకున్న చెయ్యి ఆగలేదు. తెర మీద బాణం గుర్తు తాగినవాడిలా తిరిగింది. ఎక్కడ నొక్కిందో ఏమో, బిల్లు విండో వెనక్కి పోయి, దాని మీదికి నిల్వల విండో వచ్చింది, దాని మీదికి ఇంకేదో.

"యాడ పోయరా బిల్లు? ఇప్పుడే ఈడ ఉండె!" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి కొట్టాడు. ఒకే ఆముదాల సంచికి ఆ రైతుకు రెండు బిల్లులు వచ్చాయి. రైతు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వనిది ఒక్క చిన్నాయనే.

చిన్నాయన శివప్రసాద్ డోన్‌లో టైర్ల అంగడి పెట్టుకున్నాడు. ఈ అంగట్లో సగం ఆయనది. గిరాకీ వెళ్ళేదాకా ఆగి అన్నాడు: "అన్నా, ఏరువాక వస్తాండాది. ఆ జనంలో నువ్వు చేసుకోగలిగితే సంతోషం. కాకుంటే వీణ్ణి కూచోబెట్టు. వీడు కూచోనంటే అంగడి నా చేతికియ్యి. ఇట్ల అయితే పేరు పోతాది."

నాయన చేతులు రెండూ బల్ల కిందికి పెట్టుకున్నాడు.

నేను ఫ్యాను వేగం పెంచాను.

ఏప్రిల్ 8

దొరికింది.

నాయన మరచిపోవడం లేదు. విండోలు దాక్కుంటున్నాయి. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. చిన్నాయనకు ఆ తేడా తెలియదు, ఎందుకంటే టైర్లు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నా కనిపిస్తూనే ఉంటాయి.

విండో మేనేజర్ అనే ప్రోగ్రాము ఒకటుంటుంది. తెర మీద ఏ కిటికీ ఎక్కడుండాలో చెప్పే మేస్త్రీ అది. మేస్త్రీల్లో రెండు కులాలు. తేలే రకం: ఫ్యాను గాలికి ఎగిరే కాగితాల్లాగా కిటికీలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పరుపు రకం: బేతంచెర్ల బండలు పరిచినట్టు పక్కపక్కన అతుకుతాయి. సందు ఉండదు, దాగుడుమూతలు ఉండవు. మౌస్ అసలే అక్కర్లేదు, కీబోర్డు చాలు. రెండు పనులూ తెలిసిన మేస్త్రీ ఒకటి ఊరికే దొరుకుతోంది. అంగట్లోని ముసలి కంప్యూటర్‌కు దాన్ని తెచ్చి కట్టబెడతాను.

ఏరువాకకు నాయన ఒక్కడే, ఎవరి సాయమూ లేకుండా, ఆ కుర్చీలో కూర్చుని బిల్లులు కొడతాడు. ఇది నా భీషణ ప్రతిజ్ఞ.

ఏప్రిల్ 11

మేస్త్రీని పిలిచేటప్పుడు వాడే ఆప్షన్లను పొద్దుటి నుంచి పారాయణం చేస్తున్నాను. భక్తి పెరుగుతోంది.

-v అంటే తాను ఎన్నో రూపమో చెప్పి వెళ్ళిపోతుంది. మా బంధువుల్లో చాలామంది ఇదే పద్ధతి: వస్తారు, తమ గురించి చెప్పుకుంటారు, వెళ్ళిపోతారు.

-c అంటే, నేను ఫలానా చోట రాసిపెట్టిన ప్రకారమే నడుచుకో అని.

-k అంటే ఆ రాతలో తప్పులున్నాయా అని చూడమని. చూస్తుంది, 'సరిగ్గానే ఉంది' అంటుంది, అంతే. నడిపి చూడదు.

--replace అంటే, ఇప్పటికే తెరను ఏలుతున్న మేస్త్రీని దిగమని అడిగి, ఆ చోట తాను కూర్చుంటుంది. పాతవాడు దిగేదాకా కాచుకుంటుంది కూడా. ఎంత సంస్కారం!

దీన్ని ఇంట్లో పైకి చదవకూడదని తీర్మానించాను.

ఏప్రిల్ 14

ప్రతిష్ఠ జరిగింది. తెర నల్లగా వెలిగింది.

"కరెంటు పోయెనా?" అన్నాడు నాయన.

"లేదు నాయనా, అది..."

"ఏయ్! అంగట్లో ఆ మాట అనద్దని ఎన్నిసార్లు చెప్పల్లరా నీకు?"

మా అంగట్లో 'లేదు' నిషేధం. మా తాత కాలం నుంచీ ఎవరూ అనలేదు. సరుకు అయిపోతే 'నిండుకుంది' అంటారు, 'రేపు వస్తుంది' అంటారు, నీళ్ళిచ్చి కూర్చోబెడతారు. గల్లాపెట్టె ముందు 'లేదు' అంటే లక్ష్మి అలిగి లేచిపోతుందట. నలభై ఏళ్ళుగా నాయన ఆ మాట ఒక్కసారి కూడా అనలేదని అమ్మ చెబుతుంది, అదేదో పతకం వచ్చినట్టు.

"కరెంటు ఉండాది నాయనా. ఇది కొత్త తెర. నల్లగానే ఉంటాది."

ఎడమవైపు పెద్ద బండ బిల్లు. కుడివైపు పైన నిల్వలు, కింద ధరలు. ఏదీ దేని వెనక్కీ పోదు. మూడు కీలు చాలు. ఏవి అనేది మరిచిపోకుండా అమ్మ తన స్టిక్కర్ బొట్ల అట్ట తెచ్చి, బిల్లుకు ఎర్రది, నిల్వకు ఆకుపచ్చది, ధరకు మెరూన్‌ది అంటించింది. రాజ్యలక్ష్మమ్మ గారి చలవతో నా కీబోర్డు ముత్తైదువైంది.

ఏప్రిల్ 15

నాయన ఒకే కీని ఏడుసార్లు నొక్కాడు. నొక్కలేదు, వణికాడు.

ఏప్రిల్ 20

కీని కాసేపు అదిమి పట్టుకుంటేనే నొక్కినట్టు లెక్క, వణికి తగిలినవి లెక్కలోకి రావు, అని మార్చాను. నాయన ఒక వేలితో, నాలుక బయట పెట్టి, పలక మీద దిద్దినట్టు కొట్టాడు. ఒక్క బిల్లు. ఒక్కటే బిల్లు! ఎదురుగా ఉన్న రైతు ఏమీ జరగనట్టు కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. నాకు ఆయన వెనకే పరుగెత్తి ఆ కాగితం కళ్ళకద్దుకోవాలనిపించింది.

"బాగుండాది రా," అన్నాడు నాయన. "నీదే కదా ఇదంతా?"

"నాదే."

"అయితే సరే," అన్నాడు.

ఏప్రిల్ 29

నాగశ్రీ అక్క కర్నూలులో ఒక ఆసుపత్రి మందుల అంగట్లో ఫార్మసిస్టు. తనే నాయన్ను నరాల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేను కూడా పోయాను, తోడుగా, నోరు మూసుకుని.

డాక్టరు కాగితం ఇచ్చి గడియారం గీయమన్నాడు. నాయన గుండ్రం గీశాడు. అంకెలన్నీ కుడిపక్కనే పోగుపెట్టాడు, ఎడమపక్క ఖాళీ. ముల్లు ఒకటే.

డాక్టరు చాలాసేపు మాట్లాడాడు. వణుకు ఒక్కటే కాదట. మరుపు దాని వెంటే వస్తోందట. మందులు నిదానం చేస్తాయట, ఆపవట.

డాక్టరు కాగితాన్ని వంకరగా పెట్టాడు. బల్ల కూడా ఎత్తుగా ఉంది. ఆ గదిలో గడియారం నేను గీసినా అలాగే వచ్చేది.

బస్సులో నాయన కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు. అక్క నా కొత్త తెర గురించి అడిగింది. ఉత్సాహంగా చెప్పాను. పరుపు రకంలో కూడా ప్రశ్నలు మాత్రం చిన్న పెట్టెల్లో తేలుతూనే వస్తాయి, అది దాని నియమం. నేను పెట్టిన ప్రశ్న ఒక్కటే. ఏదైనా విత్తనం నిల్వ సున్నాకు వస్తే పెట్టె తేలి అడుగుతుంది: 'ఇంకా ఉందా? ఔను / లేదు'. ఔనంటే కొత్త లోడు వచ్చిందనుకుని నలభై సంచులు వేసుకుంటుంది.

అక్క నన్ను చూసిన చూపు బాగాలేదు. "నాయన లేదు నొక్కుతాడా రా?"

"నొక్కుతాడు. మిషను ఏమన్నా గిరాకీనా?"

"నిండుకుంది అని పెట్టు."

"ప్రోగ్రాములో అట్ల పెట్టరక్కా, ప్రపంచమంతా ఔను, లేదు అనే."

అక్క బయటకు చూస్తూ అంది: "నువ్వు ఇదంతా నాయన కోసం చేస్తాండావా? లేక ఆ కుర్చీలో నువ్వు కూచోవల్లొస్తాదనా?"

ఏప్రిల్ 30

నాగశ్రీ అబద్ధాలకోరు.

మే 2

చిన్నప్పుడు కూడా అంతే. నా పెన్ను తనే విరగ్గొట్టి నేనని చెప్పింది.

మే 17

బెంగళూరు నుంచి ఒక మెయిలు. చాలా గౌరవంగా వద్దన్నారు. భవిష్యత్తులో నాకు అన్నీ శుభాలు కలగాలని ఆశీర్వదించారు. ఇంత మర్యాదగల తిరస్కారాన్ని పటం కట్టించి అంగట్లో దేవుడి పక్కన పెట్టవచ్చు.

బండల అంచు రంగు మార్చాను. ఏ బండ మీద పని జరుగుతోందో దాని చుట్టూ పసుపు గీత వస్తుంది. చాలా అందంగా ఉంది. దీనికి మధ్యాహ్నమంతా పట్టింది.

మే 18

గీతను కొంచెం లావు చేశాను.

మే 26

నాయన ఇవాళ నన్ను 'శివా' అని పిలిచాడు. అది చిన్నాయన పేరు. అన్నదమ్ములు కదా, పోలికలుంటాయి.

జూన్ 3

పరీక్ష. చిన్నాయన చెప్పకుండా డోన్ నుంచి దిగాడు. గల్లాపెట్టె పక్కన స్టూలు వేసుకుని, పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిలా కూర్చున్నాడు.

నాయన చరిత్ర సృష్టించాడు. పత్తి విత్తనం, ఆముదాలు, మళ్ళీ పత్తి. ఎర్ర బొట్టు, ఆకుపచ్చ బొట్టు, ఎర్ర బొట్టు. ఒక్క తప్పు లేదు. నేను లోపలికి చూడలేక బయట రోడ్డు చూస్తూ నిలబడ్డాను.

చిన్నాయన వెళ్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "పర్వాలేదే! మౌస్ లేకుండ ఎట్ల చేసినావప్పా?"

"బండలు పరిచినాను చిన్నాయనా."

"సరే. ఏరువాక దాటనీ, చూద్దాం."

సాయంత్రం -k వేసి చూశాను. నేను రాసిన ఏర్పాట్లలో ఎక్కడా తప్పు లేదంది.

జూన్ 12

వాన పడింది. మట్టి వాసనకు అంగడి ముందు కుక్క కూడా లేచి నిలబడింది.

జూన్ 13

జనం. జనం. నాయన ఒక్కడే అందరికీ బిల్లులు కొట్టాడు. నేను సంచులు మాత్రమే మోశాను. ఇంజనీరింగ్ అంటే ఇదే.

గంగక్క వచ్చింది. మూడు మైళ్ళ అవతల ఊరు, నాలుగెకరాల ఎర్రనేల. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ విత్తనం మా అంగట్లోనే. "సెట్టీ, పొట్టి పంట కందులు ఉండాయా?" అని అడిగింది. నాయన తెర చూసి, కీ అదిమి, "ఉండాయి గంగక్కా, గోడౌన్ల ఉండాయి. రేపు రా, తెప్పించి పెడతా," అన్నాడు.

నిల్వల బండలో కందులు నలభై సంచులని ఉంది. ఉందంటే ఉన్నట్టే.

జూన్ 15

గంగక్క మళ్ళీ వచ్చింది. నాయన మళ్ళీ రేపు రమ్మన్నాడు. హమాలీ మద్దిలేటి ఇంకా తేలేదేమో. గోడౌను వెనక వీధిలోనే. నేను పోయి చూసి ఉండవచ్చు.

బండల మధ్య సందు నాలుగు చుక్కల నుంచి రెండుకు తగ్గించాను.

జూన్ 19

రాయాలి.

గంగక్క పదిన్నరకు వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సెట్టీ, కందులు."

"ఉండాయి గంగక్కా. రేపు..."

"ఎన్ని రేపులు సెట్టీ?" అంది. గొంతు లేచింది. అంగట్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. "రామకోటయ్య సెట్టి నోట ఉండాది అంటే ఉండాదనే కదా నేను మూడుతూర్లు ఆటో ఎక్కి వస్తి! పక్కంగట్ల ఉన్న్యా నేను పోలే. పొద్దున చేన్లో కాలు పెట్టి చూస్తే పదును ఆరిపాయ. ఇంగ యాడ ఇత్తల్ల నేను? నీ టీవీలో ఇత్తల్లనా?"

నేను గోడౌనుకు పరుగెత్తాను. కందులు ఉండే మూలలో రెండు చినిగిన గోతాలున్నాయి. మద్దిలేటి గడప మీద బీడీ ఆర్పి లేచాడు.

"కందులా? అయిపాయె కదప్పా, వాన పడినదినమే. అప్పుడే వచ్చి సెట్టికి చెప్తి."

తిరిగి వచ్చి తెర చూశాను. ఏ విత్తనం నిల్వ సున్నాకు వచ్చినా పెట్టె తేలింది, అడిగింది. నాయన ప్రతిసారీ ఔను నొక్కాడు. అది ప్రతిసారీ నలభై వేసుకుంది.

"కందులు అయిపోయాయి గంగక్కా," అన్నాను. "మిషను తప్పు చూపించింది."

"మిషను!" అని నా వైపు తిరిగి ఇంకేదో అనబోయింది. అప్పుడే నాయన, కొత్తగా అంగట్లోకి వచ్చిన మనిషిని చూసినట్టు ఆమెను చూసి, నిండుగా నవ్వాడు.

"ఏం గంగక్కా, ఎప్పుడొస్తివి? కందులా? ఉండాయి. రేపు రా."

గంగక్క నాయన మొహం చూసింది, చేతులు చూసింది. కోపం ఎటు పోయిందో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయటికొచ్చి నన్ను పక్కకు పిలిచింది.

"ఏమాయరా సెట్టికి?"

"ఏమీ కాలేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

నేను ఆటోను ఆపాను. ఆమె ఎక్కింది. పోతూ పోతూ, "మీ అమ్మకు తెలుసా?" అంది.

పక్కంగడి నుంచి కందులు కొని ఆమె ఇంటికి పంపించాను. తీసుకుందట. కానీ నేల ఎండింది. ఇక మళ్ళీ వాన పడాలి.

జూన్ 19, సాయంత్రం

'లేదు' తీసేసి 'నిండుకుంది' అని పెట్టాను. ఒక్క పదం మార్చడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

నిల్వ సున్నా చేసి నాయన్ను పరీక్షించాను. పెట్టె తేలింది. నాయన చదివాడు. 'నిండుకుంది' మీదికి పోయి, అదిమి పట్టుకున్నాడు. మళ్ళీ పెట్టాను. మళ్ళీ సరిగ్గా. మళ్ళీ. మళ్ళీ.

"ఇంగ చాలురా," అన్నాడు. "నిండుకుంది నిండుకుంది అని ఎన్నిసార్లు అనిపిస్తావు?"

అక్క చెప్పినప్పుడే మార్చి ఉంటే.

అయినా మద్దిలేటి వచ్చి చెప్పింది కూడా మరిచిపోయాడు కదా. దానికి ఏ పదం మార్చాలి?

జూన్ 20

చిన్నాయన వచ్చాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. ఇంట్లో, అమ్మ ముందు, అక్క ముందు, చాప మీద కూర్చుని అడిగాడు.

"రాఘవా, కూచుంటావా నువ్వు? నువ్వు కూచుంటే నేను ఒక్క మాట అనను. అన్న కూడా నీ పక్కనే కూచుంటాడు. అంగడి మీ ఇంట్లోనే ఉంటాది."

నాయన గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎటో చూస్తున్నాడు. అందరూ నా నోరు చూస్తున్నారు. నాకు ఒక జోకు కూడా తోచలేదు.

"నాకు బెంగళూరులో..." అన్నాను.

"యాడ?" అంది అక్క.

"నేను కూచోను," అన్నాను.

అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. చిన్నాయన తలూపాడు. నాయన విన్నాడో లేదో తెలియదు.

విని ఉండడు.

జూన్ 23

చిన్నాయన కూర్చున్నాడు. బొట్లు గోటితో గీకేసి, మౌస్ తగిలించాడు. పాత తేలే రకం మళ్ళీ వచ్చింది. తెరను కాగితాలు కప్పేశాయి.

జూన్ 24

పొద్దున్నే నాయన స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు తొడుక్కుని వాకిట్లో నిలబడ్డాడు.

"పోదామా? గిరాకీ వచ్చే యాళ ఆయ."

"ఈరోజు ఆదివారం నాయనా."

"ఔనా? సరే." చెప్పులు విడిచాడు.

జూన్ 25

ఆదివారం.

జూన్ 26

ఆదివారం.

జూన్ 27

"ఏంరా, వారానికి ఎన్ని ఆదివారాలు?" అన్నాడు. అంత తెలివిగా అడిగితే నేను ఏం చెప్పాలి? ఒంటి మీద ఇస్త్రీ చొక్కాతో సందు చివరిదాకా నడిచి, అంగడికి ఎటు పోవాలో తెలియక వెనక్కి వచ్చాడు.

జూన్ 30

ఒక ఆప్షన్ నేను చదివి వదిలేశాను. -display :1. ఏ తెర మీద నడవాలో చెప్పేది. అసలు తెర లోపలే ఒక ఉత్తుత్తి తెర తయారుచేసి, మేస్త్రీని అక్కడ కూర్చోమనవచ్చు. కొత్త ఏర్పాట్లు పరీక్షించడానికి వాడతారు. అక్కడ ఏం విరిగినా బయట ఏమీ విరగదు.

నా లాప్‌టాప్‌ను ముందు గదిలో బల్ల మీద పెట్టాను. ఉత్తుత్తి తెర. బండలు పరిచాను: బిల్లు, నిల్వలు, ధరలు. అమ్మను బొట్ల అట్ట అడిగాను. అమ్మ ఏమీ అడగకుండా ఇచ్చింది.

నాయన వచ్చి కూర్చున్నాడు. గోడలు చూశాడు. "అంగడి మార్చితిమా?"

"రంగులు ఏయిస్తాండాము. అంతదాకా ఈడ."

"మంచి పని చేసినావు," అన్నాడు. ఎర్ర బొట్టు మీద వేలు పెట్టి, ఎదురు ఖాళీ గదిని చూస్తూ గిరాకీ కోసం కాచుకున్నాడు.

గిరాకీ రాలేదు.

నేను లేచి బయటికి పోయి, తలకు తువ్వాలు చుట్టుకుని, గొంతు మార్చి, తలుపు కొట్టాను.

జూలై 2

నేను ఇప్పటికి దేవేంద్రప్పనయ్యాను, పేరు తెలియని ఒక ముసలామెనయ్యాను, కోసిగి నుంచి సుగ్గికి, అంటే వలస పనికి, పోతూ మధ్యలో దిగిన కూలీనయ్యాను. కాటుకతో మీసం దిద్దుకున్నాను, కుంటుతూ నడిచాను, దగ్గాను. నాలుగేళ్ళ ఇంజనీరింగ్‌లో ఒక్కసారి కూడా నాకు ఇంత హాజరు లేదు.

"ఏం సెట్టీ, పత్తి ఇత్తనం మొలిసేదేనా, కాకుంటే పోయినేడాది మాదిరేనా?"

"పోయినేడాది నీకు మొలసకపోతే అది ఇత్తనం తప్పు కాదప్పా, నీ చేయి తప్పు!"

నాయన నవ్వాడు. ఎంత కాలమైంది! అమ్మ రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. ఒకటి నాయనకు, ఒకటి నా ముందు పెట్టి, "తాగప్పా, ఎండలో వచ్చినావు," అంది. నా మొహం చూడకుండా అంది.

జూలై 5

అక్క వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసింది. తిడుతుందనుకున్నాను. కాసేపటికి లోపలికి వచ్చి, "సెట్టీ, మాకు జొన్న విత్తనం కావల్ల," అంది. బేరం సగంలోనే తిరిగి దొడ్లోకి పోయింది.

జూలై 8

ఊళ్ళో మళ్ళీ వాన పడింది. గంగక్క ఆలస్యంగానైనా విత్తిందని మద్దిలేటి చెప్పాడు. పండుతుందా అంటే ఆకాశం వైపు చెయ్యి చూపించాడు.

జూలై 11

మధ్యాహ్నం ఎవరి వేషంలో పోయానో కూడా గుర్తులేదు. తువ్వాలు మాత్రం చుట్టుకున్నాను. గొంతు మార్చడం మరిచిపోయాను. అయినా నాయన పోల్చుకోలేదు.

"ఏం చదువుకున్న్యావప్పా?" అని అడిగాడు, ఊరికే, కబుర్లకు.

"బి.టెక్."

"మావాడూ అదే. శానా తెలివైనోడు. ఇదో, ఈ డబ్బా అంతా వాడే చేసినాడు, నా చేతికి ఒంగేటట్ల." కీబోర్డును ప్రేమగా తట్టాడు. "నాకేం, ఈ కుర్చీలో నుంచి ఎప్పుడో లేచిపోదామనుకుంటి. చేయి ఆడదు, తల ఆడదు. తెలుస్తాంది కదా నాకు."

"మరి లేయకపోతివా?"

"నేను లేస్తే వాడు కూచోవల్ల. వాడు ఈడ కూచునేటోడు కాదప్పా, వాని మనసు యాడనో ఉండాది. అందుకే ఏదో ఒకటి నొక్కతా కూచుంటి. వాడు పక్కన నిలబడి ఎంత సంతోషపడేటోడో, నేను సరిగా నొక్కితే!"

నేను బల్ల అంచు పట్టుకున్నాను. "ఆ మాట వానికి చెప్పకపోతివా?"

నాయన తల అడ్డంగా ఊపాడు, నా అమాయకత్వానికి జాలిపడినట్టు.

"చెప్తే కూచుంటాడు కదప్పా. మంచోడు వాడు. నాయన కోసం అని కూచుంటాడు."

తువ్వాలు కళ్ళ మీదికి లాక్కున్నాను. ఆయన తెర వైపు తిరిగి, ఏం కావాలని అడిగాడు.